నేల మీద గీత

పాఠ్యభాగ ఉద్దేశం : భూమి సరిహద్దులను ఎలా కొలుస్తారో, ఆ కొలతలు మనుషుల జీవితాలను ఎలా తాకుతాయో తెలుసుకోవడం. మన ఊరి పొలాల్లో వాడుకలో ఉన్న కొలమానాలే భూగోళం కొసన, ధ్రువప్రాంతంలో ఏ విధంగా పనిచేశాయో గ్రహించడం. శాస్త్ర విషయాలను సులభమైన తెలుగులో చెప్పగలగడం.

1. రాయీ, గొలుసూ

పొలం గట్టు మూలన సగం మట్టిలో కూరుకొనిపోయి ఉన్న రాయిని మీలో చాలామంది చూసే ఉంటారు. దానినే హద్దురాయి అంటారు. చూపరులకు అది వట్టి రాయి. ఆ గట్టుకు ఇరువైపులా ఉన్న రైతులకు మాత్రం అది న్యాయాధికారి వంటిది. అది కనబడినంత కాలం తగాదా లేదు. నాగలి తగిలి అది జరిగిందంటే అన్నదమ్ముల మధ్యనైనా మాటలు ఆగిపోతాయి. అప్పుడు సర్వేయరు వస్తాడు. గొలుసు పరచి, కొలతల పుస్తకం చూసి, రాయి ఉండవలసిన చోటు చెబుతాడు.

ఆ గొలుసుకు ఒక చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే గణితవేత్త 1620 ప్రాంతంలో దానిని రూపొందించాడు. దాని పొడవు 66 అడుగులు. దానిలో 100 లింకులు ఉంటాయి. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే ఎకరానికి లక్ష చదరపు లింకులు. అందులో నూరో వంతు, అనగా వెయ్యి చదరపు లింకులు, ఒక సెంటు. తమిళనాడులోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ పెద్దలు “మా చేను ఎకరం ఇరవై సెంట్లు” అనేటప్పుడు ఈ గొలుసు లెక్కనే పలుకుతున్నారు. ఒడిశాలో డిసిమిల్ అన్నా అదే. కర్ణాటక, మహారాష్ట్రలలోని గుంట కూడా ఈ గొలుసుకు చుట్టమే. అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. అటువంటివి నలభై కలిస్తే ఎకరం అవుతుంది.

అమెరికా దేశం తన భూములను కొలిచినది కూడా ఈ గొలుసుతోనే. 1785లో అక్కడ ఒక చట్టం చేశారు. దాని ప్రకారం నేలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరాలుగా విభజించారు. ఒక్కొక్క చదరాన్ని టౌన్‌షిప్ అంటారు. దానిలో ముప్పైఆరు గడులు. ఒక్కొక్క గడి ఒక చదరపు మైలు. మైలుకు ఎనభై గొలుసులు కాబట్టి గడికి సరిగా 640 ఎకరాలు. చదరంగపు బల్ల వంటి ఈ ఏర్పాటు మైదానాలలో చక్కగా సాగింది. కాని ఉత్తరాన, మంచుసముద్రపు ఒడ్డున, ఈ బల్లను పరచవలసి వచ్చినప్పుడు ఏమైనది? ఈ పాఠంలో చెప్పబోయేది ఆ కథ.

2. ఉత్తరాన చివరి ఊరు

అలాస్కా అమెరికాలో అన్నిటికన్న పెద్ద రాష్ట్రం. 1867లో అమెరికా దానిని రష్యా నుండి కొన్నది. 1959లో అది రాష్ట్రమైనది. ఆ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన తరువాత, ఒక చిన్న పట్టణం ఉన్నది. చాలాకాలం దాని పేరు బేరో. 2016లో అక్కడి ప్రజలు ఓటు వేసి, తమ భాషలోని ఉట్కియాగ్విక్ అనే పాత పేరును తిరిగి తెచ్చుకున్నారు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 4,900 మంది నివసిస్తున్నారు.

వారిలో ఎక్కువమంది ఇనుపియాట్ జాతివారు. పాత పుస్తకాలలో వీరిని ఎస్కిమోలు అని రాసేవారు. వారు తమను ఇనుపియాట్లు అనే చెప్పుకొంటారు. తిమింగలాలను, సీలు జంతువులను, కారిబూ అనే దుప్పి జాతి జంతువులను వేటాడి, చేపలు పట్టి బతకడం వారి తరతరాల జీవనం. వేసవికి ఒక విడిది, చేపలకు ఒక విడిది, వేటకు ఒక విడిది. ఏటి వంపుకు, దిబ్బకు, సరస్సుకు వారికి వేరువేరు పేర్లున్నాయి. గట్లు లేవు, రాళ్లు లేవు. అయినా ఏ కుటుంబం ఎక్కడ విడిది చేస్తుందో అందరికీ తెలుసు. వారి పటం వారి జ్ఞాపకంలో ఉండేది.

అక్కడి నేల టండ్రా. చెట్టు అనేది కనబడదు. మే నెల రెండవ వారం నుండి ఆగస్టు మొదటి రోజుల వరకు సూర్యాస్తమయం లేదు. నవంబరు మూడవ వారం నుండి జనవరి నాలుగవ వారం వరకు సూర్యోదయం లేదు. నేల పైపొర వేసవిలో ఒకటి రెండు అడుగుల లోతు మాత్రమే కరుగుతుంది. దాని కింద సుమారు నాలుగు వందల మీటర్ల వరకు ఎన్నడూ కరగని, గడ్డకట్టిన నేల. దీనిని పెర్మాఫ్రాస్ట్ అంటారు.

3. కాగితం మీది గీత

1923లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఆ ఉత్తర్వుతో ఉత్తర అలాస్కాలో సుమారు రెండు కోట్ల ముప్పై లక్షల ఎకరాల నేల నావికాదళపు చమురు నిల్వ ప్రాంతంగా మారింది. యుద్ధనౌకలకు చమురు కావలసి ఉన్నది. ఆ నేల అడుగున చమురు ఉన్నదని తెలిసింది. అందుకని ప్రభుత్వం ఒక గీత గీసింది.

ఆ గీతను ఎలా గీశారో గమనించండి. అప్పటికి ఆ ప్రాంతాన్ని ఎవరూ గొలుసు పట్టి కొలవలేదు. కాబట్టి హద్దులు చెప్పడానికి ప్రకృతినే ఆధారం చేసుకున్నారు. ఉత్తరాన సముద్రం, పడమర ఐసీ కేప్ అనే భూశిరం, తూర్పున కోల్విల్ నది, దక్షిణాన బ్రూక్స్ పర్వతశ్రేణిలో నీరు రెండు వైపులకు చీలే శిఖరరేఖ. మన పాత శాసనాలలో దానమిచ్చిన భూమికి వాగు, పుట్ట, మర్రిచెట్టు హద్దులుగా చెప్పినట్లే ఇదీ ఉన్నది. తేడా ఒక్కటే. శాసనంలో చెప్పిన వాగు దగ్గర నిలబడిన మనుషులు ఆ దానానికి సాక్షులు. 1923 నాటి గీత లోపల కాపురమున్న ఇనుపియాట్లను అడగాలని ఆనాడు ఎవరికీ తోచలేదు. వారి విడుదులు, వారి చేపల ఏరులు, వారి పెద్దల సమాధులు ఒక్క సంతకంతో ప్రభుత్వ భూమి లోపలికి వచ్చాయి.

ఆ తీరాన్ని శ్రద్ధగా కొలిచిన మనిషి అంతకు ముందే ఒకడున్నాడు. ఆయన పేరు ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్. 1906లో ఒక యాత్రాబృందంతో ఆయన అక్కడికి వెళ్లాడు. వారి ఓడ మంచులో దెబ్బతిన్నది. దాని కలపతోనే ఫ్లాక్స్‌మన్ అనే దీవిలో గుడిసె కట్టుకున్నాడు. 1914 వరకు వస్తూ పోతూ మొత్తం తొమ్మిది వేసవులు, ఆరు శీతకాలాలు అక్కడ గడిపాడు. కుక్కల బండిమీదా, చిన్న పడవమీదా తిరిగి సుమారు 150 మైళ్ల తీరానికి పటం తయారుచేశాడు. దారిలో ఇనుపియాట్లు ఆయనకు తోడున్నారు. వారు చెప్పిన ఊర్ల పేర్లను, ఏర్ల పేర్లను ఆయన రాసిపెట్టుకున్నాడు. గడ్డకట్టిన నేలలో మంచు ఎందుకు మేకుల వలె దిగబడి ఉంటుందో వివరించాడు. ఆయన గ్రంథం 1919లో వెలువడింది. పటం గీసేవాడు ముందుగా అక్కడి మనుషులను వినాలి అనడానికి ఆయన పని ఒక మంచి ఉదాహరణ.

4. ధ్రువం దగ్గర దిక్కులు

చదరపు గడులను ఉత్తరాన పరచడంలో మొదటి చిక్కు భూమి గుండ్రదనం వల్ల వచ్చింది. ఉత్తర దక్షిణాలుగా గీసిన రేఖలన్నీ ధ్రువం వద్ద కలుసుకుంటాయి. అందువల్ల ఉత్తరానికి పోయేకొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరవుతాయి. భూమధ్యరేఖ వద్ద ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు సుమారు 111 కిలోమీటర్లు. ఉట్కియాగ్విక్ వద్ద అది 36 కిలోమీటర్లు మాత్రమే.

దీని ఫలితాన్ని లెక్కవేసి చూద్దాం. ఆరు మైళ్ల చదరాన్ని చెన్నై, బెంగళూరు నగరాలున్న 13 డిగ్రీల అక్షాంశం వద్ద గీసినామనుకోండి. దాని దక్షిణపు అంచుకంటె ఉత్తరపు అంచు సుమారు మూడున్నర మీటర్లు తగ్గుతుంది. అదే చదరాన్ని ఉట్కియాగ్విక్ వద్ద గీస్తే తగ్గుదల సుమారు 43 మీటర్లు. అంటే అక్కడ చదరం చదరంగా ఉండదు. పైన ఇరుకైన పెట్టె అవుతుంది. సర్వేయరు ఈ తేడాను ముందే లెక్క కట్టి సరిచేసుకోవాలి. లేకపోతే ఒకరి నేల మరొకరి లెక్కలోకి పోతుంది.

రెండవ చిక్కు దిక్కు. దిక్సూచి చూపేది నిజమైన ఉత్తరాన్ని కాదు, అయస్కాంత ధ్రువాన్ని. ఆ ధ్రువం ఏటేటా కదులుతూ ఉంటుంది. దానికి దగ్గరయ్యేకొద్దీ సూదికి పట్టు తగ్గి ఊగుతుంది. మరి ధ్రువనక్షత్రం చూసి దిక్కు నిర్ణయించవచ్చు గదా అంటారా? పని చేయగలిగేది వేసవిలో. వేసవిలో అక్కడ రాత్రే లేదు! పైగా ధ్రువనక్షత్రం ఎంత ఎత్తున కనబడుతుందో అదే ఆ చోటి అక్షాంశం. చెన్నైలో అది దిగంతానికి 13 డిగ్రీల ఎత్తున ఉంటే, ఉట్కియాగ్విక్‌లో 71 డిగ్రీల ఎత్తున, దాదాపు నెత్తిమీద ఉంటుంది. అంత ఎత్తుకు దుర్బిణి తిప్పితే పరికరం వెంట్రుకవాసి వాలి ఉన్నా దిక్కు తప్పుతుంది. అందుకని పాతకాలపు సర్వేయర్లు సూర్యుడిని చూసి దిక్కు కట్టేవారు.

ఇప్పుడు ఉపగ్రహాల సంకేతాలతో స్థానం తెలుసుకునే పరికరాలు వచ్చాయి. జి.పి.ఎస్. వ్యవస్థ 1995లో పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. దానివల్ల సర్వేయరు పని చాలా తేలికైనది. అయినా అక్కడ ఒక పరిమితి ఉన్నది. ఆ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరగవు. కాబట్టి 71 డిగ్రీల వద్ద ఏ ఉపగ్రహమూ సరిగా నెత్తిమీదికి రాదు. పక్కలకు కనబడే వాటితోనే పని జరుపుకోవాలి.

5. కదిలే నేల

అన్నిటికన్న పెద్ద చిక్కు నేలదే. శాశ్వతం కాని దానిని మనం “నీటిమీద రాత” అంటాం. టండ్రాలో నేల కూడా సగం నీరే!

హద్దు గుర్తుగా ఇనుప గొట్టాన్ని నేలలో పాతి, దానిపై ఇత్తడి మూత బిగించి, మూతమీద గడి సంఖ్య, సంవత్సరం చెక్కడం అమెరికా సర్వేయర్ల పద్ధతి. టండ్రాలో పాతిన గొట్టానికి ఏమవుతుందో చూడండి. వేసవిలో పైపొర కరిగి బురద అవుతుంది. శరత్కాలంలో అది మళ్లీ గడ్డకడుతుంది. నీరు మంచుగా మారినప్పుడు వ్యాకోచిస్తుంది గదా! ఆ మంచు గొట్టాన్ని గట్టిగా పట్టుకొని పైకి లేపుతుంది. గొట్టం కింద ఖాళీ ఏర్పడుతుంది. మరుసటి వేసవిలో ఆ ఖాళీలోకి బురద చేరుతుంది. ఇక గొట్టం మునుపటి చోటికి దిగదు. ఇట్లా ఏటికి కొంత చొప్పున లేచి, చివరకు అది ఒరిగి పడిపోతుంది. ఎవరూ పెరికివేయలేదు. ఎవరి కుట్రా లేదు. నేలే దానిని బయటికి నెట్టివేసింది.

అందువల్ల సర్వేయర్లు ఉపాయం మార్చుకున్నారు. కరిగే పొరను దాటి, ఎన్నడూ కరగని నేల లోపలికి కడ్డీని దింపడం ఒకటి. కడ్డీ పైభాగాన్ని మంచు పట్టుకోకుండా చుట్టూ తొడుగు వేయడం మరొకటి. ఇవి చాలవని సాక్షి గుర్తులు కూడా పెడతారు. చెట్లున్న చోట హద్దు పక్కనున్న చెట్టు మీద గుర్తు చెక్కి, అది హద్దుకు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నదో రాసుకుంటారు. టండ్రాలో చెట్లు లేవు. కాబట్టి మరికొన్ని కడ్డీలనే సాక్షులుగా నిలుపుతారు. ఒకటి పోయినా మిగిలినవి చెబుతాయి.

సముద్రతీరానిది ఇంకొక తీరు. నీటి ఒడ్డు హద్దుగా ఉన్నచోట రాళ్లు పాతరు. నీరే హద్దు. ఆ నీరు నెమ్మదిగా నేలను తినివేస్తూ ఉంటే హద్దు కూడా దానితో జరుగుతుంది. ఉత్తర అలాస్కా తీరం సగటున ఏడాదికి 1.4 మీటర్ల చొప్పున కోసుకుపోయినట్లు అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2015లో ప్రకటించింది. ఒడ్డున ఎకరం నేల పట్టాలో ఉన్నవాడికి ఆ పట్టా కాగితం చెదరకపోయినా నేల తరిగిపోతుంది.

ఇక్కడ ఒక న్యాయసూత్రం తెలుసుకోవాలి. పటం మీది అంకెకూ, నేలమీద మొదట పాతిన గుర్తుకూ తేడా వచ్చినప్పుడు, ఆ గుర్తు కదలకుండా ఉన్నదని రుజువైతే, గుర్తుదే మాట. దానిని నమ్మి మనుషులు ఇల్లు కట్టుకొని ఉంటారు, కంచె వేసుకొని ఉంటారు. అంకె బాగుపడిందని వారిని లేపివేయడం న్యాయం కాదు. అందువల్ల మంచి సర్వేయరు అంకెలు తెలిసినవాడు మాత్రమే కాదు. పాత గుర్తును ఓపికగా వెదకి, దాని సాక్ష్యం వినగలిగినవాడు.

6. మాట నేలగా మారిన విధం

1971 డిసెంబరు 18న అమెరికా ప్రభుత్వం ఒక పెద్ద చట్టం చేసింది. అలాస్కాలోని ఆదిమవాసులకు సుమారు నాలుగు కోట్ల నలభై లక్షల ఎకరాల నేల, 96 కోట్ల 25 లక్షల డాలర్లు ఇస్తామని ఆ చట్టం చెప్పింది. దానికి బదులుగా మిగిలిన నేలమీద వారి పాత హక్కులు రద్దయ్యాయి. ఆ నేలను స్వీకరించడానికి ప్రాంతీయ సంస్థలు, గ్రామ సంస్థలు ఏర్పడ్డాయి. బేరో పట్టణపు గ్రామ సంస్థ పేరు ఉక్పియాగ్విక్ ఇనుపియాట్ కార్పొరేషన్. ఉక్పియాగ్విక్ అంటే తెల్ల గుడ్లగూబలను వేటాడే చోటు.

చట్టం మాట ఇచ్చింది. మాట నేల కావాలంటే ఏమి జరగాలి? ముందు ఏ నేల కావాలో గ్రామాలు ఎంచుకోవాలి. కొలవని నేలకు మొదట తాత్కాలికంగా హక్కు ఇస్తారు. సర్వేయర్లు పోయి, హద్దులు కొలిచి, గుర్తులు పాతి, పటం ఆమోదం పొందిన తరువాతనే పక్కా పట్టా చేతికి వస్తుంది. వెలుపలి హద్దుల మీద ప్రతి మలుపులోనూ, తిన్నని గీతమీద సుమారు రెండు మైళ్లకొకటి చొప్పునా గుర్తులు పాతాలని చట్టంలోనే రాశారు. రోడ్డు లేని, చెట్టు లేని, వేసవి కొద్ది వారాలే ఉండే నేలమీద ఈ పని! సర్వేయర్లు హెలికాప్టర్లలో దిగి, దోమల మధ్య, బురదలో పనిచేశారు. మొత్తం పనికి దశాబ్దాలు పట్టింది.

విడిగా మనుషులకు చెందిన చిన్న నేలలు కూడా ఉన్నాయి. 1906 నాటి మరొక చట్టం ప్రకారం, 1971లో అది రద్దయ్యేవరకు, ఒక ఆదిమవాసి తాను వాడుకొంటున్న నేలలో 160 ఎకరాల వరకు కోరడానికి వీలుండేది. ఒక చేపల విడిది, ఒక వేట దిబ్బ ఇట్లా దరఖాస్తులలోకి వచ్చాయి. కాగితం మీది వర్ణన ఒక చోట, నిజమైన విడిది మరొక చోట పడితే ఏమవుతుంది? తాత నాటి విడిది ప్రభుత్వ భూమిలో మిగిలిపోతుంది. ఎన్నడూ అడుగుపెట్టని బురదనేల పట్టాలోకి వస్తుంది. అటువంటప్పుడు ఆ కుటుంబంవారే వెంట వచ్చి “ఇదిగో, మా గుడారం వేసే చోటు ఇదే” అని చూపడం కన్న మంచి ఆధారం లేదు. జ్ఞాపకంలో ఉన్న పటమూ, కాగితం మీది పటమూ కలుసుకునేది అక్కడే.

7. పరిశోధనకు విడిచిన నేల

ఈ ఊరి పక్కనే 1947లో నావికాదళం ధ్రువప్రాంత పరిశోధనశాలను స్థాపించింది. ప్రపంచంలోని అనేక దేశాల శాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చి గడ్డకట్టిన నేలను, మొక్కలను, పక్షులను, సముద్రపు మంచును పరిశీలించారు. ఎక్కడ మంచు సురక్షితమో, ఏ జంతువు ఎప్పుడు వస్తుందో వారికి చెప్పి, దారి చూపి ప్రాణాలు కాపాడినవారు ఇనుపియాట్లే. 1980వ దశకంలో నావికాదళం ఆ స్థలాన్ని వదలుకున్నది. అది గ్రామ సంస్థ చేతికి వచ్చింది.

నేల తమదైన తరువాత ఆ గ్రామ సంస్థ ఏమి చేసినదో గమనించండి. 1992లో తన నేలలో నుండి 7,466 ఎకరాలను పరిశోధనకోసం ప్రత్యేకంగా విడిచిపెట్టింది. దానినే బేరో పర్యావరణ పరిశీలన క్షేత్రం అంటారు. ఎక్కడో దూరాన ఉన్న అధికారి గీసిన గీత కాదు అది. ఆ నేలమీద బతికేవారు తామే గీసుకున్న గీత.

శాస్త్రానికి హద్దుతో పని ఏమిటని మీకు సందేహం రావచ్చు. నేల ఎంత లోతు కరుగుతున్నదో తెలియాలంటే ఏటేటా ఒకే చోట కొలవాలి. ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు పది అడుగుల అవతల కొలిస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు. 1960వ దశకంలో బేరో వద్ద శాస్త్రజ్ఞులు కొన్ని చిన్న గడులలో కరిగిన లోతు కొలిచారు. 1990వ దశకంలో మరికొందరు ఆ గడులనే తిరిగి గుర్తించి కొలవడం మొదలుపెట్టారు. మొదటివారు గుర్తులు సరిగా పెట్టి ఉండకపోతే రెండవవారి శ్రమకు అర్థమే ఉండేది కాదు. పైగా టండ్రా మీద బరువైన బండి ఒక్కసారి పోతే ఆ చార దశాబ్దాలపాటు మాసిపోదు. కాబట్టి ఇది పరిశోధన నేల, ఇక్కడ బండి నడపరాదు అని చెప్పడానికి తెలిసిన హద్దు ఉండి తీరాలి.

8. ముగింపు

గీత గీయడం తేలిక. ఒక అధ్యక్షుడు ఒక సంతకంతో కోట్ల ఎకరాలకు గీత గీయగలిగాడు. ఆ గీతను నేలమీదికి తీసుకొని రావడం కష్టం. దానిని న్యాయమైన గీతగా చేయడం మరింత కష్టం. అందుకు నాలుగు సాక్ష్యాలు కావాలి. నేలలో ఒక గుర్తు, పుస్తకంలో ఒక కొలత, ఆకాశంలో ఒక ఆధారం, అక్కడ బతికిన మనిషి మాట. వీటిలో మూడు ఉండి నాలుగవది లేకపోయినా హద్దు నిలవదు. 1923 నాటి గీతలో లోపించినది ఆ నాలుగవ సాక్ష్యమే.

ఈసారి పొలం గట్టుమీద నడిచేటప్పుడు ఆ మూలరాయి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దానిమీద మట్టి ఉంటే తుడవండి. దానిని పాతిన రోజు సంగతి ఇంట్లో పెద్దవారిని అడగండి. రాయి చెప్పలేనిది వారు చెబుతారు.

పదాలు – అర్థాలు

పొలిమేర = ఊరి సరిహద్దు
భూశిరం = సముద్రంలోకి చొచ్చుకొనివచ్చిన నేల కొస
దిగంతం = ఆకాశం నేలను తాకినట్లు కనబడే చోటు
దిక్సూచి = దిక్కులు చూపే సాధనం
వ్యాకోచించు = పరిమాణం పెరుగు
పట్టా = భూమిపై హక్కును తెలిపే పత్రం
వెంట్రుకవాసి = మిక్కిలి కొద్దిగా
ఆదిమవాసులు = ఒక ప్రాంతంలో మొదటినుండి నివసిస్తున్నవారు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. సెంటుకూ, గుంటకూ గొలుసుతో ఉన్న సంబంధం ఏమిటి?
2. 1923 నాటి హద్దులకు నదిని, పర్వతాన్ని ఎందుకు ఆధారం చేసుకున్నారు?
3. వేసవిలో ధ్రువనక్షత్రం ఉట్కియాగ్విక్ సర్వేయరుకు ఎందుకు ఉపయోగపడదు?
4. సాక్షి గుర్తులు అంటే ఏమి? టండ్రాలో వాటిని ఎలా ఏర్పాటు చేస్తారు?

ఆ) కింది ప్రశ్నలకు పదేసి వాక్యాలలో జవాబులు రాయండి.
1. టండ్రాలో పాతిన గొట్టం పైకి ఎలా లేస్తుందో వివరించండి. దానికి సర్వేయర్లు కనిపెట్టిన ఉపాయాలు తెలపండి.
2. 1923 నాటి గీతకూ, 1992 నాటి గీతకూ గల భేదాన్ని మీ మాటలలో రాయండి.
3. “హద్దుకు నాలుగు సాక్ష్యాలు కావాలి” – ఈ మాటతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు చెప్పండి.

ఇ) లెక్క కట్టండి.
1. ఒక చేను పొడవు 4 గొలుసులు, వెడల్పు 5 గొలుసులు. అది ఎన్ని ఎకరాలు? ఎన్ని సెంట్లు? ఎన్ని గుంటలు?
2. ఒక టౌన్‌షిప్‌లో మొత్తం ఎన్ని ఎకరాలుంటాయి?

ఈ) భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు రాయండి : సూర్యోదయం, సూర్యాస్తమయం, ప్రత్యేకం.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి : ఉత్తర దక్షిణాలు, హద్దురాయి, నాలుగు సాక్ష్యాలు.
3. సొంత వాక్యాలలో ప్రయోగించండి : నీటిమీద రాత, వెంట్రుకవాసి, తరతరాలు.
4. “నేల” అనే పదానికి మూడు పర్యాయపదాలు రాయండి.

ఉ) చేయదగిన పని
మీ ఊరి పొలిమేర ఏ వాగు, ఏ చెట్టు, ఏ దారి మీదుగా పోతుందో పెద్దలను అడిగి తెలుసుకోండి. వారు చెప్పిన చోట్ల పేర్లను ఉన్నవి ఉన్నట్లు తెలుగులో రాసుకోండి. ఆ పేర్లతో ఒక చిన్న పటం గీసి తరగతిలో ప్రదర్శించండి. పటంలో కనబడని పేర్లు ఏవేవి మీకు దొరికాయో చెప్పండి.